సాయంత్రానికి సెల్ఫ్ కొట్టని బోటు: చిన్న బోటుకి బ్యాటరీ ఎంపికపై ఒక కేస్ స్టడీ

చిన్న బోటుకి బ్యాటరీ కొనబోయేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎన్ని ఆంపియర్ అవర్లది వేయమంటారు? (ఒక ఆంప్ కరెంటు ఒక గంట పాటు వాడితే ఒక ఆంపియర్ అవర్.) నేను తిరిగి అడిగేదేమో, వాడేసిన కరెంటు మళ్లీ బ్యాటరీలోకి ఎలా ఎక్కుతోంది, ఎంతసేపు ఎక్కుతోంది అని. దీనికి జవాబు తెలియకుండా కొన్న బ్యాటరీ ఎంత మంచిదైనా ఎక్కువ కాలం నిలవడం కష్టం. బోట్ల ఎలక్ట్రికల్ పని చేసేవాడిగా ఈ మాట అందరికీ చెబుతూనే ఉంటాను. దాన్ని అంకెలతో సహా విడమరిచి చూపించడానికి ఈ బోటు బాగా కుదిరింది, అందుకే మొత్తం రాస్తున్నాను.

బోటు ఐదున్నర మీటర్ల ఫైబర్‌గ్లాస్ ఓపెన్ బోటు. వెనక బయటికి తగిలించిన 50 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది. వాడనప్పుడు ట్రైలర్ మీద ఇంట్లోనే ఉంటుంది, సెలవు రోజున నీళ్లలోకి దించుతారు. అరగంట ఇంజిన్ మీద వెళ్తారు, ఇంజిన్ ఆపేసి ఐదారు గంటలు చేపలు పట్టుకుంటూ పాటలు వింటూ గడుపుతారు, ఒక్కోసారి చీకటి పడ్డాక లైట్లు వేసుకుని అరగంటలో వెనక్కి వచ్చేస్తారు. బ్యాటరీ ఒక్కటే. 75 ఆంపియర్ అవర్ల డ్యూయల్ పర్పస్ లెడ్ యాసిడ్, నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ రకం.

"పొద్దున ఒక్క సెకనులో అందుకుంటుందండీ, సాయంత్రానికి మాత్రం టక్ టక్‌మని ఊరుకుంటుంది," అని ఓనర్ గారి ఫిర్యాదు. రెండు సీజన్లలో రెండు బ్యాటరీలు మార్చారు, పరిస్థితి మారలేదు. ఈసారి 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఒకటి కొనేసి, ఇంజిన్‌కీ మిగతా సామానుకీ అదే వాడేద్దామని తేల్చుకుని, బిగించిపెట్టమని వచ్చారు. బోటులో పిల్లలు ఉంటారు, చీకటి పడుతుంటుంది, ఇంజిన్ కదలదు. ఆ టెన్షన్ ఆయన గొంతులోనే తెలుస్తోంది. అందుకే అడిగింది బిగించేసి పంపడానికి నాకు మనసొప్పలేదు, ముందు బోటు మొత్తం కొలుద్దామన్నాను.

ఎంత ఖర్చవుతోంది, ఎంత జమవుతోంది

లోడ్ లెక్క వేసేటప్పుడు పరికరం వెనక రాసి ఉన్న వాట్స్ నమ్మకూడదు, అది గరిష్ఠం మాత్రమే. డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ నెగటివ్ కేబుల్‌కి తగిలించి, ఒక్కో స్విచ్ వేస్తూ అసలు ఎంత లాగుతోందో రాసుకోవాలి. ఈ బోటులో ఫిష్ ఫైండర్ 1.6 ఆంప్స్ లాగింది. వీహెచ్ఎఫ్ రేడియో ఊరికే వింటున్నప్పుడు 0.4. పాటల సిస్టమ్ వాళ్లు పెట్టుకునే సౌండ్‌లో సగటున 2.5. పట్టిన చేపల్ని బతికించి ఉంచే ట్యాంకు పంపు 3 ఆంప్స్, కానీ టైమర్ మీద సగం సమయమే తిరుగుతుంది కాబట్టి 1.5 అనుకోవాలి. ఫోన్లన్నీ కలిపి 1 ఆంప్. ఇవన్నీ ఆరు గంటలు నడిస్తే ఫిష్ ఫైండర్‌కి 9.6, రేడియోకి 2.4, పాటలకి 15, చేపల పంపుకి 9, ఫోన్లకి 6, మొత్తం 42 ఆంపియర్ అవర్లు. పాతకాలపు ఫిలమెంట్ బల్బుల నావిగేషన్ లైట్లు 1.7 ఆంప్స్‌తో గంటన్నర వెలిగితే ఇంకో 2.5. అంటే నిండు రోజు ఖర్చు 44.5 ఆంపియర్ అవర్లు.

పాటలే అన్నిటికంటే ఎక్కువ లాగుతున్నాయని చూసి ఓనర్ గారు ఆశ్చర్యపోయారు. ఆయన అనుమానమంతా ఫిష్ ఫైండర్ మీద ఉండేది.

ఇక జమ వైపు. ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఈ ఇంజిన్‌కి కాగితం మీద 17 ఆంప్స్. అది ఎక్కువ ఆర్పీఎంలో వచ్చే అంకె, పైగా అందులోంచి ఇంజిన్ కంప్యూటర్, ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు వాటి వాటా తీసుకుంటాయి. బ్యాటరీ కేబుల్ దగ్గర క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే 4000 ఆర్పీఎం దగ్గర 11 ఆంప్స్ వరకు లోపలికి వెళ్తోంది, ఐడిల్‌లో 2 మాత్రమే. వెళ్లడానికి అరగంట, రావడానికి అరగంట, అందులో ఒడ్డు దగ్గర నెమ్మదిగా నడిపే సమయం కూడా ఉంది. అన్నీ కలుపుకుంటే ఒక ట్రిప్పులో బ్యాటరీకి తిరిగి చేరేది మహా అయితే 9 ఆంపియర్ అవర్లు. 44.5 ఖర్చు, 9 జమ. కారులో అలవాటుపడ్డవాళ్లు ఇక్కడే పొరబడతారు. కారులో ఇంజిన్ నడుస్తున్నంతసేపే లోడ్ ఉంటుంది, ఆల్టర్నేటర్ కూడా చాలా పెద్దది. బోటులో ఇంజిన్ ఆపాకే అసలు లోడ్ మొదలవుతుంది.

అప్పుడు ఇంటి దగ్గర ఛార్జింగ్ సంగతి అడిగాను. కారు కోసం కొన్న 4 ఆంప్స్ ఛార్జర్‌ని ముందు రోజు రాత్రి తగిలించి, పొద్దున బయల్దేరేటప్పుడు తీసేస్తారట. ఎనిమిది గంటలు అనుకుంటే 32 ఆంపియర్ అవర్లు లోపలికి పంపుతుంది, వృథా పోను మిగిలేది ఇంకా తక్కువ. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఇంకో స్వభావం ఉంది, 80 శాతం వరకు చకచకా ఎక్కించుకుంటుంది, మిగతా 20 శాతం మాత్రం గంటల తరబడి నెమ్మదిగా తీసుకుంటుంది. ఆ చివరి భాగం పూర్తి కాకుండా వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోయి మళ్లీ కరగదు. ఆ మేరకు బ్యాటరీ కెపాసిటీ పోయినట్టే.

ఇంకొకటి కూడా దొరికింది. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, తాళం తీసేసి కూడా మీటర్ 0.09 ఆంప్స్ చూపిస్తోంది. పాటల సిస్టమ్ మెమరీ వైరు ఎవరో నేరుగా బ్యాటరీకి ఇచ్చారు. 0.09 అంటే పట్టించుకోవాలని అనిపించదు, కానీ రోజుకి 2.2, వారానికి 15 ఆంపియర్ అవర్లు. బోటు ట్రైలర్ మీద కదలకుండా నిలబడి ఉండగానే, ఇంజిన్ ఒక ట్రిప్పులో ఇచ్చేదానికంటే ఎక్కువ వారంలో కారిపోతోంది.

బ్యాటరీని నిండుగా ఛార్జ్ చేసి, 5 ఆంప్స్ స్థిరమైన లోడ్ పెట్టి 10.5 వోల్ట్‌లకు పడిపోయేదాకా నడిపాను. తొమ్మిదిన్నర గంటలు వచ్చింది, అంటే 47 ఆంపియర్ అవర్లు. స్టిక్కర్ మీద 75, లోపల మిగిలింది 47, రోజు ఖర్చు 44.5. సాయంత్రం సెల్ఫ్ కొట్టకపోవడంలో మిస్టరీ ఏమీ లేదు. అదీ బ్యాటరీ నిండుగా బయల్దేరితే. అది నిండుగా బయల్దేరిన రోజంటూ లేదు.

టెర్మినల్ దగ్గర 0.8 వోల్ట్

కొత్త బ్యాటరీ గురించి మాట్లాడేముందు తప్పనిసరిగా చేసే పరీక్ష ఒకటుంది, ఐదు నిమిషాల పని. మల్టీమీటర్ ఒక పిన్ను బ్యాటరీ సీసం పోస్ట్ మధ్యలో గుచ్చి, రెండోది ఆ పోస్ట్‌కే బిగించిన కేబుల్ లగ్, అంటే కేబుల్ చివరి లోహపు రింగు, మీద పెట్టి, సెల్ఫ్ కొట్టమనాలి. రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నవే కాబట్టి మీటర్ దాదాపు సున్నా చూపించాలి. ఇక్కడ నెగటివ్ వైపు 0.8 వోల్ట్ చూపించింది. స్టార్టర్ లాగుతున్నది సుమారు 120 ఆంప్స్. అంటే ఆ ఒక్క జాయింట్‌లోనే దాదాపు 100 వాట్స్ వేడిగా పోతోంది.

విప్పి చూస్తే రెక్కల నట్టు కింద నాలుగు లగ్గులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పెద్ద కేబుల్ లగ్ అన్నిటికంటే పైన, సన్న వైర్ల లగ్గులు కింద, మధ్యలో పచ్చటి పొడి. ఉండాల్సింది దానికి తలకిందులుగా, ఎక్కువ కరెంటు వెళ్లే లగ్ సీసానికి నేరుగా ఆనాలి. కేబుల్ ఇన్సులేషన్ కొంచెం వెనక్కి ఒలిచాను, రాగి తీగలు నల్లబడిపోయి ఉన్నాయి. ఇంకొంచెం ఒలిచినా నలుపే. తగరం పూత లేని మామూలు రాగి తీగ ఉప్పు తేమని తీగల మధ్యలోంచి లోపలికి లాక్కుంటుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. బోటులో వాడే కేబుల్ తగరం పూసినదే అయి ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

నిండుగా ఉన్న బ్యాటరీతో సెల్ఫ్ కొడితే బ్యాటరీ పోస్టుల దగ్గర 10.4 వోల్ట్, స్టార్టర్ దగ్గర 9.2. ఇంజెక్షన్ ఇంజిన్లకు ఇది చాలా తక్కువ. స్టార్టర్ మోటారు తిరుగుతున్నా ఇంజిన్ కంప్యూటర్‌కి వోల్టేజీ చాలకపోతే ఇంజిన్ అందుకోదు. చాలామంది ఈ దశలో బ్యాటరీ పోయిందని తీర్మానించేస్తారు. కొత్త బ్యాటరీ వేయగానే కొన్నాళ్లు బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే కొత్తదానికి ఆ 0.8 వోల్ట్ నష్టాన్ని భరించే సత్తువ ఉంటుంది. అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

ఏ బ్యాటరీ, ఎందుకు

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లి రకాల గురించి చెప్పాలి, లేకపోతే నా నిర్ణయం అర్థం కాదు.

స్టార్టింగ్ బ్యాటరీలో ప్లేట్లు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఉపరితలం ఎక్కువ కాబట్టి ఒక్కసారిగా వందల ఆంప్స్ ఇవ్వగలదు, కానీ మళ్లీ మళ్లీ లోతుగా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. డీప్ సైకిల్ బ్యాటరీలో ప్లేట్లు మందంగా ఉంటాయి, గంటల తరబడి తక్కువ కరెంటు ఇవ్వడానికి, పదే పదే సగం దాకా ఖాళీ అయినా తట్టుకోవడానికి చేసినది. డ్యూయల్ పర్పస్ ఈ రెండిటికీ మధ్యలోది, రెండు పనులూ చేస్తుంది, ఏదీ పూర్తిగా చేయదు. చిన్న ఇంజిన్, ఒక ఫిష్ ఫైండర్, రెండు మూడు గంటల షికారు అయితే డ్యూయల్ పర్పస్ ఒక్కటి చాలు, దాన్ని తీసిపారేయను. ఈ బోటు ఆ హద్దు దాటిపోయింది.

లేబుల్ మీద అంకెలు కూడా దేనికదే. సీసీఏ, అంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 సెకన్ల పాటు 7.2 వోల్ట్‌లకు తగ్గకుండా ఇవ్వగలిగే కరెంటు. ఎంసీఏ, అంటే మెరైన్ క్రాంకింగ్ ఆంప్స్, కూడా అదే పరీక్ష, సున్నా డిగ్రీల దగ్గర, కాబట్టి అదే బ్యాటరీకి ఎంసీఏ అంకె పెద్దగా కనిపిస్తుంది. ఒకదాని సీసీఏని ఇంకోదాని ఎంసీఏతో పోల్చి కొనేవాళ్లు చాలామంది, జాగ్రత్త. ఆంపియర్ అవర్లు సాధారణంగా 20 గంటల లెక్క. 100 అని ఉంటే 5 ఆంప్స్ చొప్పున 20 గంటలు అని అర్థం, 50 ఆంప్స్ చొప్పున రెండు గంటలని కాదు. రిజర్వ్ కెపాసిటీ అంటే 25 ఆంప్స్ లోడ్ మీద 10.5 వోల్ట్‌లకు పడేలోపు ఎన్ని నిమిషాలు అన్నది. నాకు అన్నిటికంటే నిజాయితీగా అనిపించేది ఆ అంకే. ఇక 'మెరైన్' అన్న స్టిక్కర్ ఒక్కదాన్ని నమ్మి కొనొద్దు, లోపల ఏ రకమో దాంతో తెలియదు.

ఓనర్ గారు కోరుకున్న ఒకే లిథియం సంగతి. బోట్లకి వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, మంచి కెమిస్ట్రీ, దాన్ని నేను ఇష్టంగానే బిగిస్తాను. 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, సగం ఛార్జ్‌తో వారాలు ఉంచినా సల్ఫేట్ సమస్య ఉండదు, 100 ఆంపియర్ అవర్లది 12 కిలోల దగ్గర్లో ఉంటుంది, అదే లెడ్ యాసిడ్ అయితే 28 నుంచి 30. కానీ ఈ బోటులో ఇంజిన్‌కీ అదే ఒక్కటీ పెట్టడం నాకు కుదరదని చెప్పాను. లోపలి బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు, మామూలు రకాల్లో 100 ఆంప్స్ నిరంతర కరెంటుకి కట్టి ఉంటుంది. స్టార్టర్ మొదటి క్షణంలో లాగేది అంతకంటే చాలా ఎక్కువ, బోర్డు కట్ చేసేయవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా ఏ కారణంతోనైనా బోర్డు కట్ చేస్తే ఆల్టర్నేటర్ కరెంటుకి పోయే దారి లేక వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి రెగ్యులేటర్‌నో ఇంజిన్ కంప్యూటర్‌నో కాల్చేయవచ్చు. పైగా లిథియం ఎంత ఇస్తే అంత మింగుతుంది, చిన్న ఆల్టర్నేటర్‌ని అదే పనిగా పూర్తి లోడ్ మీద నడిపిస్తుంది. స్టార్టింగ్ కోసమే చేసిన లిథియం బ్యాటరీలు వేరే ఉన్నాయి, ఇంజిన్ మాన్యువల్ ఒప్పుకుంటే అవి వాడొచ్చు. ఈ మాన్యువల్ కనీసం 380 సీసీఏ ఉన్న లెడ్ యాసిడ్ అడుగుతోంది. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది.

వీటన్నిటికంటే పెద్ద అభ్యంతరం వేరే ఉంది. బ్యాటరీ ఒక్కటే అయినప్పుడు, అది ఏ రకమైనా, పాటలు వినే కరెంటూ ఇంటికి చేర్చే కరెంటూ ఒకే చోట ఉంటాయి. ఒడ్డుకి దూరంగా వెళ్లే బోటులో ఆ రెండూ కలిసి ఉండకూడదు. దీని మీద నేను రాజీపడను.

కాబట్టి రెండు బ్యాటరీలు ఖాయం. ఇంజిన్‌కి స్టార్టింగ్ ఏజీఎం, 50 ఆంపియర్ అవర్లది, సీసీఏ 500 పైన. ఏజీఎం కూడా లెడ్ యాసిడే, యాసిడ్‌ని ప్లేట్ల మధ్య గాజు నార చాపలు పీల్చి పట్టుకునే సీల్డ్ రకం. మాన్యువల్ అడిగినదానికంటే ఎక్కువ పెట్టుకోవడం మంచిదే, వయసు మీద పడేకొద్దీ తగ్గుతుంది కదా. రెండోది, మిగతా సామానుకి, దేన్ని పెట్టాలన్నదే చర్చ. 44.5కి ఇరవై శాతం కలుపుకుంటే 53 పైన. లెడ్ యాసిడ్‌లో సగమే వాడాలి అనుకుంటే 107, అంటే 110 ఆంపియర్ అవర్ల డీప్ సైకిల్ ఏజీఎం. లిథియంలో 80 శాతం వాడొచ్చు కాబట్టి 67 చాలు, కొనేటప్పుడు 100ది తీసుకుంటాం.

నేను ఏజీఎం వైపు మొగ్గాను. మొదటి కారణం బిల్జ్ పంపు. బోటు అడుగున చేరే నీళ్లు తోడే ఆ పంపు మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ ఏదో ఒక బ్యాటరీకి తగిలించి ఉండాలి. స్టార్టింగ్ బ్యాటరీకి ఇస్తే, నీటి మట్టాన్ని బట్టి పంపుని నడిపే ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుపోయి పంపు ఆగకుండా తిరిగిన రోజు ఇంజిన్ కరెంటు పోతుంది. పెద్ద బ్యాటరీకి ఇవ్వాలి, ఆ బ్యాటరీ లిథియం అయితే బీఎంఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఏ క్షణానైనా మొత్తం ఆపేయవచ్చు. ఏజీఎం 11 వోల్ట్‌లకు పడిపోయి పాడైపోతూ కూడా పంపుని తిప్పుతూనే ఉంటుంది. బోటు మునగకుండా ఉండటం కోసం ఒక బ్యాటరీ పాడైనా నాకు సమ్మతమే. రెండో కారణం ఛార్జింగ్. రెండూ ఏజీఎం అయితే ఒకే వోల్టేజీ సరిపోతుంది, మధ్యలో వోల్టేజీని బట్టి కలిపి విడదీసే రిలే ఒకటి పెడితే పని అయిపోతుంది. అది 13.3 వోల్ట్ దగ్గర రెండిటినీ కలుపుతుంది, 12.8 దగ్గర విడదీస్తుంది. లిథియం ఊరికే ఉన్నప్పుడు కూడా 13.3 దగ్గర్లో నిలబడుతుంది కాబట్టి ఆ రిలే దాదాపు ఎప్పుడూ విడదీయదు, రెండు బ్యాటరీలూ కలిసే ఉండిపోతాయి. దానికి వేరే డీసీ టు డీసీ ఛార్జర్, అంటే ఒక బ్యాటరీ వైపు నుంచి కరెంటు తీసుకుని రెండోదానికి సరిపడే వోల్టేజీలో ఎక్కించేది, కావాలి. లిథియం రెండో బ్యాటరీగా పెట్టి, రిలే పాతదే ఉంచేసిన బోట్లు నేను చూశాను, దయచేసి ఎవరూ అలా చేయొద్దు.

మామూలు ఫ్లడెడ్, అంటే డిస్టిల్డ్ వాటర్ పోసే రకం ఎందుకు వద్దన్నానంటే, బ్యాటరీ పెట్టబోయేది కన్సోల్, అంటే స్టీరింగ్ ఉండే దిమ్మ, కింద మూసి ఉన్న అరలో. ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. అలలకి కుదుపులు ఎక్కువ, ఒలికే ప్రమాదమూ ఉంది. పైన గాలి బాగా ఆడే చోటు ఉండి, నెలనెలా నీళ్లు చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకి ఫ్లడెడ్ డీప్ సైకిల్ ఇప్పటికీ గట్టి బ్యాటరీయే. యాసిడ్ జిగురులా గడ్డకట్టి ఉండే జెల్ బ్యాటరీ జోలికి వెళ్లలేదు, ఛార్జింగ్ వోల్టేజీ 14.1, 14.2 దాటితే దెబ్బతింటుంది, ఔట్‌బోర్డ్ రెగ్యులేటర్ మీద అంత నమ్మకం పెట్టుకోలేం.

బిగింపు

110 ఏజీఎం బరువు 31 కిలోలు. ఇంజిన్ ఇప్పటికే వెనక ఉంది, ఇదీ అక్కడే పెడితే బోటు తోక మీద కూర్చుంటుంది. కన్సోల్ కిందకి మార్చాను. వెనక నుంచి కేబుల్ రెండున్నర మీటర్లు, పోనూ రానూ ఐదు. 16 చదరపు మిల్లీమీటర్ల తగరం పూసిన రాగి కేబుల్ వాడితే 20 ఆంప్స్ దగ్గర నష్టం 0.11 వోల్ట్, ఒక శాతం లోపే. ఫ్యూజ్ కేబుల్ కోసం. పరికరాలకు వాటి ఫ్యూజులు వేరే ఉండనే ఉంటాయి. అమెరికన్ బోట్ అండ్ యాచ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం అది బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలి, స్టార్టర్ కేబుల్‌కి మినహాయింపు. 60 ఆంప్స్ ఫ్యూజ్‌ని బ్యాటరీ పోస్ట్ మీదే బిగించాను. రెండు బ్యాటరీలను కలిపే ఈ కేబుల్‌కి అటు వైపు నుంచి కూడా కరెంటు వస్తుంది కాబట్టి స్టార్టింగ్ బ్యాటరీ చివర కూడా ఒక ఫ్యూజ్ పెట్టాలి. చాలామంది ఒక్క చివరే పెట్టి మర్చిపోతారు.

బ్యాటరీ పెట్టె నేలకి బోల్టు, పైన బెల్టు. బిగించాక రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగి చూడాలి, ఏ వైపూ అంగుళం కూడా కదలకూడదు. పాజిటివ్ పోస్ట్ మీద రబ్బరు టోపీ. రెక్కల నట్లు తీసేసి స్పానర్‌తో బిగించే నట్లు, లాక్ వాషర్లు. నెగటివ్ కేబుల్ మొత్తం కొత్తది. సన్న వైర్లన్నీ బస్‌బార్, అంటే చాలా వైర్లు ఒకచోట బిగించే లోహపు పట్టీ, మీదకి మార్చేశాక బ్యాటరీ పోస్ట్ మీద రెండే లగ్గులు మిగిలాయి. పాటల సిస్టమ్ మెమరీ వైరు స్విచ్ వెనక్కి వెళ్లింది, స్టేషన్లు మర్చిపోతే మర్చిపోనీ. నావిగేషన్ లైట్లు ఎల్ఈడీవి పెడితే 1.7 ఆంప్స్ కాస్తా 0.3 అయ్యింది. ఎల్ఈడీ పెట్టేటప్పుడు నావిగేషన్ లైటుగా ఆమోదం ఉన్న పూర్తి లైటే మార్చండి, పాత లైటులో బల్బు మాత్రం మారిస్తే రంగూ కనిపించే దూరమూ తేడా వస్తాయి.

ఈ కేసులో అసలు మందు ఛార్జర్. రెండు బ్యాటరీలకి వేర్వేరుగా 10 ఆంప్స్ ఇచ్చే, ఏజీఎం సెట్టింగ్ ఉన్న ఆన్‌బోర్డ్ ఛార్జర్ బోటులోనే బిగించాను. ట్రైలర్ ఇంటికి చేరగానే ప్లగ్ పెట్టేస్తే చాలు. 14.4 నుంచి 14.7 మధ్య ఎక్కించి, నిండాక ఫ్లోట్‌కి, అంటే నిండుగా నిలిపి ఉంచే తక్కువ వోల్టేజీకి, దిగుతుంది. రోజు ఖర్చు ఇప్పుడు 42కి కొంచెం పైన, ఇంజిన్ ఇచ్చేది పోను మిగతా లోటు 33, మొదటి మూడు నాలుగు గంటల్లో చాలా భాగం ఎక్కుతుంది, ఆ చివరి మొండి భాగం తెల్లారేసరికి పూర్తవుతుంది. ముందు రోజు రాత్రి గుర్తొచ్చి పెట్టే అలవాటు మానేసి, తిరిగొచ్చిన రాత్రే పెట్టాలని గట్టిగా చెప్పాను. ఖాళీ బ్యాటరీ వారం రోజులు అలాగే కూర్చోవడమే దాన్ని చంపేది.

ఫలితం

నిండు రోజు వాడాక సాయంత్రం స్టార్టింగ్ బ్యాటరీ 12.8 దగ్గర నిలబడుతోంది. సెల్ఫ్ కొట్టినప్పుడు పోస్టుల దగ్గర 10.9, స్టార్టర్ దగ్గర 10.6. టెర్మినల్ జాయింట్ మీద మీటర్ కదలట్లేదు. పెద్ద బ్యాటరీ లోడ్ తీసేసి కాసేపు ఆగాక 12.4 పైన ఉంటోంది, 110లో 42 వాడితే 38 శాతమే కదా ఖాళీ అయ్యేది. సీజన్ చివర్లో అదే డిశ్చార్జ్ పరీక్ష మళ్లీ పెట్టాను, 5.5 ఆంప్స్ మీద 19 గంటలు దాటింది, అంటే 104 పైన. అంతకుముందు బ్యాటరీలు ఆపాటికి సగానికి పడిపోయేవి.

చిన్న చిక్కు ఒకటి మిగిలింది. ఒడ్డు దగ్గర ఐడిల్‌లో నెమ్మదిగా వస్తున్నప్పుడు వోల్టేజీ అటూ ఇటూ ఊగి రిలే టక్ టక్‌మని కలుస్తూ విడిపోతూ ఉంటుంది. చిన్న ఆల్టర్నేటర్లతో ఇది మామూలే, నష్టమేమీ లేదు, ఓనర్ గారికి ముందే చెప్పి ఉంచాను కాబట్టి కంగారుపడలేదు.

ఇదే లెక్క ఇంకో బోటులో ఇంకోలా తేలుతుంది. 55 పౌండ్ల తోపు ఇచ్చే ట్రోలింగ్ మోటారు, అంటే బోటుని నెమ్మదిగా నడిపే కరెంటు మోటారు, ఉన్నదనుకోండి, అది పూర్తి స్పీడులో 50 ఆంప్స్ దాకా లాగుతుంది. లెడ్ యాసిడ్ మీద లోడ్ పెరిగేకొద్దీ దొరికే కెపాసిటీ తగ్గిపోతుందని 1897లోనే ప్యూకెర్ట్ సూత్రం కట్టాడు. దాని ప్రకారం 100 ఆంపియర్ అవర్ల ఫ్లడెడ్ బ్యాటరీ 50 ఆంప్స్ దగ్గర గంటా పది నిమిషాలకి అటూ ఇటూగా పూర్తిగా ఖాళీ, సగమే వాడాలంటే అరగంట చిల్లర. అదే సైజు లిథియం రెండు గంటలకి దగ్గరగా నడుస్తుంది, మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ బరువుతో. అక్కడ నేను ఇంకో మాట లేకుండా లిథియం పెట్టమంటాను, దాని ఛార్జర్‌తో సహా. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఈ బోటు ఓనర్ గారు ఇప్పుడు చిన్న ఫ్రిజ్ పెట్టుకుందామా అంటున్నారు. నడిచేటప్పుడు 4 ఆంప్స్, సగం సమయం నడుస్తుందనుకుంటే ఎనిమిది గంటలకి 16. 42కి కలిపితే 58, సగం గీత దాటేస్తుంది. 50 వాట్స్ సోలార్ ప్యానెల్ పెడితే ఎండ బాగా ఉన్న రోజు 12 నుంచి 15 ఆంపియర్ అవర్లు రావచ్చు, కానీ ఓపెన్ బోటులో ప్యానెల్‌కి నీడ పడని చోటు దొరకాలి. ఎండలో ఆ ఫ్రిజ్ నిజంగా సగం సమయమే నడుస్తుందా, ముప్పావు వంతు నడుస్తుందా అన్నది కూడా తేలాలి. ట్రైలర్ మీద ఉండగానే ఒక రోజు ఎండలో ఫ్రిజ్‌ని పెద్ద బ్యాటరీ మీద నడిపి, మీటర్ రీడింగ్ పంపమన్నాను. అది వచ్చాక ప్యానెలా, డీసీ టు డీసీ ఛార్జర్‌తో లిథియమా చూస్తాను.